పప్పు ఉడకని నీళ్ళు

కుంచె కొసను నాలుకతో తడుపుతాను.
తడపకూడదని గోడమీద కాగితం ఉంది.
పొడి కుంచెకు గుల్ల అంటదు మరి.
నాకు ముందు ఈ స్టూలు మీద కూర్చున్నవాళ్ళూ
ఆ కాగితం కిందే నాలుక చాపి ఉంటారు.

తరమణిలో, ఏసీ నీళ్ళు బకెట్లోకి కారే గది.
సూక్ష్మదర్శిని కింద నల్లటి పళ్ళెం.
గోదావరి కలిసేచోటికి ఎదురుగా
సముద్రం అడుక్కి గొట్టం దించి తెచ్చిన బురద,
కడిగి, జల్లించి, ఆరబెట్టాక
మిగిలిన గసగసాలంత గుల్లలు.
మూడు బుడగలు అతుక్కున్నట్టు ఒక్కోటి,
నెత్తిన ఒక కిటికీ.
పొరకు నలభై ఏరాలి.
పగిలినవి వద్దు, మసకబారినవి వద్దు.
పెళ్ళిచూపుల్లా ఉందే నీ వరస, అని
పక్క బల్ల నుంచి అరవంలో నవ్వుతాడు ఇళంగో.

ఇది తేలుతూ బతికింది మూడు నాలుగు వారాలు.
చుట్టూ ఉన్న నీళ్ళలోంచే సున్నం తీసి
గోడ కట్టుకుని, గది పెంచుకుని
మునిగిపోయింది.
మనలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు.
దీని నోట్లో
ఇరవై వేల ఏళ్ళుగా ఒక సముద్రం నానుతోంది.

ఎండకు సముద్రం ఆవిరయ్యేటప్పుడు
తేలిక ఆక్సిజన్ ముందు లేచిపోతుంది,
బరువైనది ఉప్పుతో పాటు ఉండిపోతుంది.
వరదొస్తే తేలికది తిరిగొస్తుంది.
అంతే అయితే బాగుండు.
చలికి కూడా గుల్లలో ఆ బరువు పెరుగుతుంది,
అందుకని మెగ్నీషియాన్ని పిలిచి అడగాలి,
ఆ నీళ్ళెంత వెచ్చన అని.
ధ్రువాల దగ్గర మంచు దాచుకున్న వాటా వేరే.
వేడిని తీసేసి, మంచును తీసేసి
చివరికి మిగిలినదాన్ని ఉప్పు అంటాం.
దాని పక్కనే, కాస్త అటో ఇటో, అని
సిగ్గుపడకుండా రాసుకుంటాం.

కొట్టివాక్కంలో నేనుండే మేడగది తాయారమ్మగారిది.
వాళ్ళ ముత్తాత నెల్లూరు నుంచి వచ్చాడట.
తిట్లు తెలుగులో, లెక్కలు అరవంలో.
బోరు ఉప్పెక్కింది. ట్యాంకరు రాని రోజు
ఆ నీళ్ళే కుక్కర్లోకి.

మొన్న పెరుగు తోడుకని వంటింట్లోకి వెళ్తే
మేకుకు గుచ్చి పాత క్యాలెండర్లు,
ఒకదాని మీద ఒకటి, దిండంత మందం.
ప్రతి ఆదివారం గడిలో ఒక అంకె.
పాల లెక్కా అండీ?
"కందిపప్పమ్మా. ఎన్ని విజిళ్ళకు ఉడికిందో."
అడుగున మూడు, మూడు, మూడు.
నడిమికొచ్చేసరికి నాలుగు, ఐదు.
వరద ఇళ్ళలోకొచ్చిన ఏడాది తర్వాత
కొన్నాళ్ళు మళ్ళీ మూడు.
పైన ఏడు.
ఎందుకు రాశారు?
"గ్యాసు ఎంత తింటోందో తెలియాలిగా."

తోడు గిన్నె చేతిలోనే ఉండిపోయింది.
పప్పు పాతదైతే? గాస్కెట్ వదులైతే?
ఆవిడ కళ్ళజోడు పైకి తోసి
గడుల మూలల్లో పెన్సిల్ గుర్తులు చూపించింది.
పా అంటే పాత పప్పు.
చుక్క, కొత్త గాస్కెట్.
అడ్డగీత, మా ఆయన వండిన రోజు.
"అవి మాత్రం నమ్మకు."

ఆ పొర ఫలితం ఇవాళ వచ్చింది.
బంగాళాఖాతం ఇప్పటికంటే ఉప్పన.
వానలు ముఖం చాటేసిన కాలం,
గోదావరి సన్నగా, ఏ ఇసుకలోనో వెతుక్కునేంత.
ఒడ్డున ఎవరున్నారో,
గొంతు తడుపుకోడానికి ఎంత దూరం నడిచారో
ఏ గుల్లా రాసిపెట్టుకోలేదు.
సాయంత్రం తాయారమ్మగారికి చెప్పాను.
అంతా విని అడిగింది:
"అయితే ఎన్ని విజిళ్ళంటావు?"

తెలీదన్నాను.
రేపు కింది పొర.
కుంచె తడుపుతాను, నాలుకకు ఉప్పగా తగులుతుంది.
నా చెమటే అయ్యుంటుంది.